బయాలజీ వాళ్లకు లినక్స్: ఒక్క ఫైలు పట్టుకుని నేర్చుకోవడం ఎలా

గుంటూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివినా, బెజవాడలో బీటెక్ చేస్తున్నా ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది: "లినక్స్ వచ్చా?" లినక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ. ప్రాజెక్టు గైడు అడుగుతారు, లేదంటే ఇంటర్వ్యూలో అడుగుతారు. రాదంటే మాట అక్కడితో ఆగిపోతుంది. వచ్చని చెప్పి, కమాండ్లు కొట్టే ఆ నల్ల తెర (టెర్మినల్) ముందు కూర్చుంటే చెమటలు పడతాయి. దాంతో చాలామంది దిండంత లినక్స్ పుస్తకం కొంటారు, లేదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కోర్సుకు ఫీజు కడతారు. నేను రెండూ చేశాను. పుస్తకం మూడో అధ్యాయం దాటలేదు. కోర్సులో నేర్పిన ప్రింట్ సర్వర్ సెట్టింగులు ఇంతవరకు నాకు అక్కరకు రాలేదు.

మీ పని సర్వర్లు నడపడం కాదు. జన్యుక్రమం ఉన్న ఫైలును తెరిచి, దాన్ని ప్రశ్నలడిగి, జవాబు రాబట్టడం మీ పని. దానికి కావలసినవి ఇరవై ముప్పై కమాండ్లు. లినక్స్‌ను ఒక సబ్జెక్టుగా పెట్టుకుని చదవకండి. ఒక ఫైలు ముందు పెట్టుకోండి, దాని గురించి మీకు తెలుసుకోవాలనిపించింది అడగండి. ఆ ప్రశ్న ఏ కమాండు అడిగితే ఆ కమాండు నేర్చుకోండి.

విండోస్‌లోనే ఎందుకు చేయకూడదని అడుగుతారు. జీవశాస్త్ర సాఫ్ట్‌వేర్‌కు పెద్ద గిడ్డంగి బయోకోండా. అది లినక్స్‌కూ, మ్యాక్‌కూ సరుకిస్తుంది, విండోస్‌కు ఇవ్వదు. ఇక పెద్ద యంత్రాల సంగతి: ప్రపంచంలోని మొదటి 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ లినక్స్‌వే. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ (దాని గుండెకాయ) కోడ్ ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, పైసా కట్టకుండా వాడవచ్చు.

ఒక్క మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో, పలికినట్టే రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి. స్పెల్లింగు తికమక పెట్టే చోట అక్షరాలు విడగొట్టి చెబుతాను. లినక్స్‌కు చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు. ఈ పట్టింపు అలవాటయ్యేసరికి ఒక వారం పడుతుంది.

ముందు యంత్రం సంగతి

8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ చాలు. 4 జీబీతో కమాండ్లు నేర్చుకోవచ్చు గానీ అసలు పనులు కుంటుతాయి. పాత లాప్‌టాప్‌లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే, కొత్త లాప్‌టాప్ ఆలోచన పక్కన పెట్టి ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. ఆ ఖర్చుకు తగిన ఫలితం ఆ రోజే కనబడుతుంది.

విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే దగ్గరి దారి డబ్ల్యూఎస్ఎల్. ఇది విండోస్ లోపలే లినక్స్‌ను నడుపుతుంది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, "డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్" అని కొట్టండి. డౌన్‌లోడ్ అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) తెరుచుకుని యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టమంటుంది. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు పోయిందని కంగారుపడకండి, దాని తీరే అంత. కొట్టి ఎంటర్ నొక్కండి.

ఇంట్లో ఎవరూ వాడని పాత లాప్‌టాప్ ఉంటే, దాని మీద పూర్తిగా లినక్స్ ఎక్కించడం ఇంకా మంచిది. లినక్స్ మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ రకం గానీ లుబుంటు గానీ పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తాయి. మామూలు ఉబుంటు 24.04 ఫైలు దాదాపు 6 జీబీ ఉంటుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ మీద హాస్టల్లో ఉంటున్నవాళ్లు వైఫై ఉన్న స్నేహితుడి ఇంటికి పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లడమే నయం. ఉబుంటులో సరిసంఖ్య సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ రకాన్నే తీసుకోండి. 22.04, 24.04 అలాంటివే. వాటికి ఐదేళ్లు మరమ్మతులు అందుతాయి.

ఒకే లాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ పక్కపక్కన పెట్టే డ్యూయల్ బూట్ మొదటి నెలలో వద్దు. ఆ లాప్‌టాప్‌లో చెల్లెలి ఆన్‌లైన్ క్లాసులో, నాన్న లెక్కలో ఉంటే అసలే వద్దు. తప్పనిసరైతే ముందు అన్నీ బ్యాకప్ తీసి, బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ కీ లేకుండా దిగి, తిరిగి విండోస్‌లోకి వెళ్లలేక తల పట్టుకున్నవాళ్లను చూశాను.

పాత వ్యాసాల్లో బయో-లినక్స్ అనే పేరు కనబడుతుంది. అన్ని టూల్సూ ముందే నింపి ఇచ్చిన మంచి ప్రయత్నం అది. కానీ దాని 8వ వెర్షన్ 2014లో, ఉబుంటు 14.04 మీద వచ్చింది. ఆ తర్వాత ముందుకు సాగలేదు. ఇప్పుడు దాన్ని వెతుక్కోకండి.

బ్రాడీపేట అడ్రసు

టెర్మినల్ తెరవగానే మీరు ఎక్కడ ఉన్నారో తెలియాలి. దానికి కమాండు పీడబ్ల్యూడీ. బెజవాడ వాళ్లకు ఆ మూడక్షరాలు వినగానే ఒకప్పటి పీడబ్ల్యూడీ గ్రౌండ్స్, ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం ఉన్న మైదానం, గుర్తుకొస్తుంది. ఇక్కడ మాత్రం "నేనిప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నాను" అని అడగడం.

గుంటూరు వాళ్లకు లినక్స్ దారులు తేలిగ్గా ఎక్కుతాయి. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. గీతకు ఎడమ పక్కది పెద్దది, కుడి పక్కది అందులో లోపలిది. లినక్స్ అడ్రసు కూడా ఇదే పద్ధతి. అన్నిటికన్నా ముందు వచ్చే ఒంటి "/" ఊరంతటికీ మొదలు. "/హోమ్/రవి/మిరప" అంటే మొదటి నుంచి హోమ్‌లోకి, అక్కడినుంచి రవి గదిలోకి, అందులో మిరప అనే ఫోల్డర్‌లోకి. ఇది పూర్తి అడ్రసు, ఎక్కడ నిలబడి చెప్పినా పనిచేస్తుంది. ఇప్పటికే నాలుగో లైనులో ఉన్నవాడికి "పద్నాలుగో అడ్డరోడ్డుకు రా" అంటే చాలు కదా, అలాగే రవి గదిలో ఉన్నప్పుడు ఒట్టి "మిరప" అంటే సరిపోతుంది. రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు వెనక్కి. "~" గుర్తు మీ సొంత ఇల్లు.

ఎల్-ఎస్ కొడితే ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపిస్తుంది. సి-డి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తీసుకెళుతుంది. ఎం-కె-డి-ఐ-ఆర్ కొత్త ఫోల్డర్ చేస్తుంది. సి-పి కాపీ, ఎం-వి జరపడం లేదా పేరు మార్చడం, ఆర్-ఎం తీసేయడం. ఆర్-ఎం తీసేసింది చెత్తబుట్టలో పడదు, పోయినట్టే.

వీటికన్నా ముందు వేళ్లకు అలవాటు కావలసింది ట్యాబ్ కీ. ఫైలు పేరు మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది. పూరించలేదంటే పేరు తప్పుగానీ చోటు తప్పుగానీ అయి ఉంటుంది. కొత్తవాళ్ల తప్పుల్లో సగం ఈ ఒక్క కీతో పోతాయి. పైబాణం పాత కమాండ్లను తిరిగి తెస్తుంది. కంట్రోల్ పట్టుకుని సి నొక్కితే నడుస్తున్న కమాండు ఆగుతుంది, కాబట్టి లినక్స్‌లో కాపీ కోసం అది నొక్కకండి.

ఫైలు పేర్లలో ఖాళీలు వదలకండి. "గుంటూరు సన్నం" అని మధ్యలో ఖాళీతో పేరు పెడితే లినక్స్ వాటిని రెండు వేరు ఫైళ్లనుకుంటుంది. అండర్‌స్కోర్ పెట్టండి. తెలుగు లిపిలో పేరు పెట్టినా లినక్స్ తీసుకుంటుంది. కొన్ని జీవశాస్త్ర టూల్స్ మాత్రం పేచీ పెడతాయి, కాబట్టి పని ఫైళ్లకు ఇంగ్లిష్ అక్షరాలే మేలు.

ఒక్క ఫైలు

కరోనా వైరస్ జన్యుక్రమంతో మొదలుపెడదాం. చిన్నది, అందరూ పేరు విన్నది, జవాబులు ముందే తెలిసినవి. తెలిసిన జవాబు రాబట్టడం మీద చేయి కుదిరాకే తెలియని జవాబు జోలికి వెళ్లాలి.

అమెరికా వారి జన్యు సమాచార గిడ్డంగి ఎన్‌సీబీఐ సైటులో న్యూక్లియోటైడ్ విభాగానికి వెళ్లి "ఎన్‌సీ_045512.2" అని వెతకండి. వుహాన్ నుంచి వచ్చిన రిఫరెన్స్ క్రమం అది. అక్కడున్న "సెండ్ టు"లో ఫైలు, ఫాస్టా ఎంచుకుని దించుకోండి. డబ్ల్యూఎస్ఎల్‌లో ఉన్నవాళ్లకు ఒక చిట్కా: లినక్స్ ఫోల్డర్‌లో నిలబడి "ఎక్స్‌ప్లోరర్.ఈఎక్స్ఈ" అని కొట్టి, ఖాళీ వదిలి, ఒక చుక్క పెట్టి ఎంటర్ నొక్కితే ఆ ఫోల్డర్ విండోస్ కిటికీలో తెరుచుకుంటుంది. దించిన ఫైలును అందులోకి లాగేయండి. డేటాను ఎప్పుడూ లినక్స్ వైపే ఉంచండి, సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్‌తో చదివిస్తే బాగా నెమ్మదిస్తుంది.

పేరు కరోనా.ఎఫ్ఏ అని మార్చుకుందాం. "హెడ్ కరోనా.ఎఫ్ఏ" కొట్టండి. మొదటి పది వరసలు వస్తాయి. పై వరస ">" గుర్తుతో మొదలవుతుంది, అది పేరు వరస. కిందివన్నీ ఏ, టీ, జీ, సీలు. ఫాస్టా ఫైలంటే ఇంతే. "టెయిల్" కొడితే చివరి వరసలు. అక్కడ వరసగా ఏలే కనిపిస్తాయి. క్లాసులో చదువుకున్న పాలీ-ఏ తోక అదే. పరీక్షలో రాసిన మాట కళ్లెదుట తెర మీద కనబడ్డప్పుడు కలిగే ఆ చిన్న సంతోషం కోసమే ఈ ఫైలు ఎంచుకున్నాను.

మొదటి ప్రశ్న: ఇందులో ఎన్ని బేసులు? డబ్ల్యూ-సి అనే కమాండు లెక్కపెడుతుంది. "డబ్ల్యూసీ -సి కరోనా.ఎఫ్ఏ" అంటే అక్షరాల సంఖ్య వస్తుంది, కానీ అది జవాబు కాదు. పేరు వరసలోని అక్షరాలూ, ప్రతి వరస చివర కనిపించకుండా ఉండే వరస-మలుపు గుర్తులూ అందులో కలిసిపోయాయి. వాటిని తీసేసి లెక్కపెట్టాలి. ఇక్కడే లినక్స్ అసలు స్వభావం తెలుస్తుంది.

మిర్చి యార్డుకు వెళ్లినవాళ్లకు తెలుసు, టిక్కీ (మిర్చి బస్తా) విప్పగానే తూకం వేయరు. ఒకరు తాలు ఏరతారు, ఇంకొకరు తొడిమలు తీస్తారు, ఆ తర్వాతే కాటా. ఎవరి చేతిలో పని వారిది, ఒకరు చేసి పక్కవారికి అందిస్తారు. లినక్స్ కమాండ్లూ అంతే. ఒక్కొక్కటి ఒక్క పనే చేస్తుంది. "|" అనే నిలువు గీత, దాన్నే పైప్ అంటారు, ఒకరి చేతి సరుకును ఇంకొకరి చేతికి అందిస్తుంది.

గ్రెప్ -వి ">" కరోనా.ఎఫ్ఏ | టీఆర్ -డి "\ఎన్" | డబ్ల్యూసీ -సి

గ్రెప్ వెతుకుతుంది. -వి పెడితే దొరికిన వరసలను వదిలి మిగతావి ఇస్తుంది. అంటే పేరు వరస పోయింది. టి-ఆర్ వరస మలుపులను తుడిచింది. డబ్ల్యూ-సి లెక్కపెట్టింది. తెర మీద 29903 రావాలి. వచ్చిందా? ప్రచురితమైన సంఖ్య కూడా అదే.

రెండో ప్రశ్న: ఏ బేసు ఎన్నిసార్లు?

గ్రెప్ -వి ">" కరోనా.ఎఫ్ఏ | ఫోల్డ్ -డబ్ల్యూ 1 | సార్ట్ | యూనిక్ -సి

ఫోల్డ్ ఒక్కో అక్షరాన్ని ఒక్కో వరసగా విడదీస్తుంది. సార్ట్ ఒకే రకంవి ఒకచోటికి చేరుస్తుంది. యు-ఎన్-ఐ-క్యూ, చివర ఇంకేమీ ఉండదు, ఒకే రకంవి ఎన్నో చెబుతుంది. ఏ 8954, సీ 5492, జీ 5863, టీ 9594 రావాలి. జీ, సీ కలిపి మొత్తంతో భాగిస్తే దాదాపు 38 శాతం. పైన ఖాళీ పక్కన ఒక 1 కనబడితే, అది ఫైలు చివర్లో మిగిలిన ఖాళీ వరస. సార్ట్ తీసేసి ఒకసారి నడిపి చూడండి. యూనిక్ పక్కపక్కనున్నవాటినే కలుపుతుందని అప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మూడోది మీరే చేయండి. ఏటీజీ అనే మూడక్షరాలు ఎన్నిచోట్ల ఉన్నాయి? "గ్రెప్ -ఓ" దొరికిన ప్రతి ముక్కనూ ఒక వరసలో ఇస్తుంది, డబ్ల్యూ-సికి -ఎల్ పెడితే వరసలు లెక్కపెడుతుంది. ముందు ఫైలు మీద నేరుగా నడపండి. తర్వాత పైన చెప్పినట్టు వరసలన్నీ ఒకటిగా కలిపి మళ్లీ నడపండి. రెండు లెక్కలూ ఎందుకు తేడా రావచ్చో ఆలోచించండి. ఒక వరస చివర ఏటీ ఉండి, కింది వరస మొదట జీ ఉంటే ఏమవుతుంది? ఇలాంటి తప్పుకు ఎర్రర్ రాదు, తప్పు సంఖ్య నిశ్శబ్దంగా వస్తుంది. ఎర్రర్ వచ్చే తప్పుకన్నా ఇదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆ కోట్స్ మరిచిన రాత్రి

ఫైలులో ఎన్ని క్రమాలున్నాయో తెలియాలంటే ">" ఉన్న వరసలు లెక్కపెడితే చాలు. గ్రెప్ -సి ">" అని కొట్టి ఫైలు పేరు ఇవ్వాలి. ఒక రాత్రి పదకొండింటికి, నిద్రమత్తులో, నేను ఆ గుర్తు చుట్టూ కోట్స్ పెట్టలేదు.

కోట్స్ లేకపోతే ">" వెతకాల్సిన గుర్తు కాదు. వచ్చిన జవాబును ఈ ఫైలులో పొయ్యి అనే ఆజ్ఞ అది. షెల్, అంటే మనం కొట్టిన కమాండును చదివి నడిపించే ప్రోగ్రాం, ముందుగా ఆ ఫైలును ఖాళీ చేసి సిద్ధం చేస్తుంది, ఆ తర్వాతే గ్రెప్‌ను పిలుస్తుంది. గ్రెప్ వచ్చి "ఏం వెతకాలో చెప్పలేదు" అని విసుక్కుంటుంది. ఈలోగా ఫైలు సున్నా బైట్లయిపోయింది. రెండు రోజులు కూర్చుని ఏరి పోగేసిన ప్రోటీన్ క్రమాలవి. కాపీ లేదు.

అప్పటినుంచి మూడు పనులు చేస్తున్నాను, మీరు మొదటి రోజు నుంచే చేయండి. ప్రతి ప్రాజెక్టులో అసలు డేటాకు విడిగా ఒక ఫోల్డర్. అందులో ఫైలు పడగానే "సీహెచ్‌మోడ్ ఏ-డబ్ల్యూ" అని కొట్టి ఫైలు పేరు ఇవ్వాలి, ఇక దాని మీద రాయబోతే లినక్స్ ఒప్పుకోదు. మూడోది, ఇంటి ఫోల్డర్‌లో ఉండే బాష్ఆర్‌సీ అనే ఫైలు చివర "సెట్ -ఓ నోక్లాబర్" అని ఒక వరస చేర్చడం. అప్పుడు ">" పాత ఫైలును చెరపబోతే షెల్ ఆపుతుంది. ఆ ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది, ఎల్-ఎస్‌కు -ఏ జోడిస్తేనే కనబడుతుంది. దిద్దడానికి నానో అనే ఎడిటర్ వాడండి, కంట్రోల్-ఓ సేవ్, కంట్రోల్-ఎక్స్ బయటికి. ఎవరైనా విమ్ అనే ఇంకో ఎడిటర్ వాడమంటే తర్వాత చూద్దామనండి. పొరపాటున విమ్‌లో పడితే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కండి, బయటపడతారు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం

లినక్స్ యంత్రానికి కావలసిన మామూలు సామాను "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్"తో వస్తుంది. సుడో అంటే యజమాని హోదాలో చేయడం. "పర్మిషన్ డినైడ్" రాగానే ముందు సుడో తగిలించే అలవాటు చేసుకోకండి. చాలాసార్లు మీరు తప్పు ఫోల్డర్‌లో ఉండి ఉంటారు. పైగా రేపు కాలేజీ సర్వర్ మీద మీకు సుడో ఇవ్వరు.

జీవశాస్త్ర టూల్స్‌కు మినీఫోర్జ్ అనేది ఎక్కించుకుని, దాంతో వచ్చే కోండా అనే సరుకు తెచ్చిపెట్టే టూలు ద్వారా తెచ్చుకోండి. ఇది మీ ఇంటి ఫోల్డర్‌లోనే ఉంటుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముఖ్యమైన సంగతి: అన్ని టూల్సూ ఒకే చోట కుక్కకండి. ఒక టూలుకు పాత పైథాన్ కావాలి, ఇంకోదానికి కొత్తది. ఒకే గిన్నెలో పాలూ మజ్జిగా పోస్తే రెండూ పోతాయి. ఒక్కో పనికి ఒక్కో ఎన్విరాన్‌మెంట్ (విడి గది) చేసుకోండి:

కోండా క్రియేట్ -ఎన్ క్యూసీ -సి కోండా-ఫోర్జ్ -సి బయోకోండా ఫాస్ట్‌పి ఫాస్ట్‌క్యూసి

తర్వాత "కోండా యాక్టివేట్ క్యూసీ". -సి తర్వాత వచ్చే ఛానెళ్ల (సరుకు వచ్చే గిడ్డంగుల) వరస తిప్పకండి, కోండా-ఫోర్జ్ ముందు, బయోకోండా తర్వాత.

తాలు ఏరడం

సీక్వెన్సింగ్ యంత్రం నుంచి వచ్చే ఫైళ్లు ఫాస్ట్‌క్యూ రూపంలో ఉంటాయి. యంత్రం చదివిన ఒక్కో డీఎన్ఏ ముక్కను రీడ్ అంటారు. ఒక్కో రీడ్‌కు నాలుగు వరసలు: "@"తో మొదలయ్యే పేరు, క్రమం, "+" గుర్తు, ఆఖరున ప్రతి బేసు నాణ్యతా ఒక్కో అక్షరంలో. నాణ్యత 20 అంటే ఆ బేసు తప్పయ్యే అవకాశం నూటికి ఒకటి, 30 అంటే వెయ్యికి ఒకటి.

రీడ్‌లెన్నో తెలియడానికి "@"లు లెక్కపెట్టబోకండి. నాణ్యత 31ని రాసే అక్షరం కూడా "@"యే. అది నాలుగో వరస మొదట్లో కూర్చుంటే లెక్క తప్పుతుంది. వరసలు లెక్కపెట్టి నాలుగుతో భాగించడమే సరైన దారి. ఫైలు కుదించి ఉంటుంది కాబట్టి "జెడ్‌క్యాట్"తో విప్పి, పైప్ పెట్టి, "డబ్ల్యూసీ -ఎల్".

సాధన కోసం యూరోపియన్ న్యూక్లియోటైడ్ ఆర్కైవ్‌లో ఫాస్ట్‌క్యూ ఫైళ్లకు నేరుగా లింకులుంటాయి. ఒక్కోటి అనేక జీబీలు. డేటా ప్యాక్ మీద బతికేవాళ్లకు పైప్ ఇక్కడ ఆదుకుంటుంది: "కర్ల్" కొట్టి లింకు ఇచ్చి, పైప్, జెడ్‌క్యాట్, పైప్, "హెడ్ -ఎన్ 400000", ఆపైన ">" పెట్టి మీ కొత్త ఫైలు పేరు. నాలుగు లక్షల వరసలు, అంటే మొదటి లక్ష రీడ్‌లు రాగానే డౌన్‌లోడ్ తనంతట తనే తెగిపోతుంది. చివర్లో కర్ల్ రాయలేకపోయానని ఒక ఎర్రర్ చూపిస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. నేర్చుకోవడానికి లక్ష రీడ్‌లు ధారాళంగా సరిపోతాయి.

ఆ ముక్క మీద ఫాస్ట్‌పి నడపండి. సీక్వెన్సింగ్ కోసం అతికించగా రీడ్‌ల చివర మిగిలిన అడాప్టర్ ముక్కలను కత్తిరిస్తుంది, అది తొడిమ తీయడం. నాణ్యత లేని రీడ్‌లను పక్కన పడేస్తుంది, అది తాలు ఏరడం. బ్రౌజర్‌లో తెరిచి చూసుకునే రిపోర్టు కూడా ఇస్తుంది. ఎన్ని వచ్చాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్కను రిపోర్టులో చూసి వదిలేయకుండా డబ్ల్యూ-సితో మీరే మరోసారి సరిచూసుకోండి.

పది ఫైళ్లకు పదిసార్లు కొట్టడం

ఒకే కమాండును మూడోసారి కొడుతున్నారంటే స్క్రిప్టు రాసే సమయం వచ్చినట్టు.

ఫర్ ఎఫ్ ఇన్ *.ఎఫ్ఏ; డూ ఎకో "$ఎఫ్"; గ్రెప్ -సి ">" "$ఎఫ్"; డన్

ఫోల్డర్‌లోని ప్రతి ఫాస్టా ఫైలునూ పట్టుకుని, పేరు చెప్పి, అందులో ఎన్ని క్రమాలున్నాయో చెబుతుంది. దీన్ని నానోలో రాసి, చివర ".ఎస్‌హెచ్" అని పేరు పెట్టి దాచుకుంటే అదే మీ మొదటి స్క్రిప్టు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో మాత్రం రాయకండి. విండోస్ వరస మలుపులో ఒక గుర్తు ఎక్కువ ఉంటుంది, లినక్స్ దాన్ని చూసి "^ఎం" అంటూ అర్థంకాని ఎర్రర్ ఇస్తుంది. స్నేహితులు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్టు నడవకపోతే ముందు "డాస్2యునిక్స్" నడిపి చూడండి.

ఏ కమాండుకైనా ముందు "మ్యాన్" చేర్చి కొడితే దాని వివరం వస్తుంది, బయటికి రావడానికి క్యూ. ఇంగ్లిష్ వివరాలు బరువనిపిస్తే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్స్ పాఠాలు తెలుగు గొంతుతో ఉన్నాయి, ఉచితం. ఒక్కోటి పది పదిహేను నిమిషాలు. అవి వింటూ పక్కన టెర్మినల్‌లో కొట్టాలి. అన్నం తింటూ చూస్తే వంట రాదు.

మిరప మీ లాప్‌టాప్‌లో పట్టదు

కరోనా క్రమం ముప్పై వేల బేసులు. మనిషిది దాదాపు 310 కోట్లు. మరి మిరపది? 2014లో కొరియా శాస్త్రవేత్తల బృందం ప్రచురించిన మిరప జీనోమ్ దాదాపు 348 కోట్ల బేసులు. మన కారం మనకన్నా పెద్దదన్నమాట. వాళ్లు క్రమం తీసిన మెక్సికో మిరప పేరు సీఎం334. గుంటూరులో 334 అనగానే లాం ఫారం రకం ఎల్‌సీఏ 334 గుర్తుకొస్తుంది. అంకె కలిసింది, అంతే, చుట్టరికం లేదు.

ఇంత పెద్ద జీనోమ్‌ల మీద చేసే పనులకు 8 జీబీ చాలదు. రీడ్‌లను జీనోమ్‌తో సరిపోల్చే స్టార్ అనే టూలుకు మనిషి జీనోమ్ ఇస్తే దాదాపు 30 జీబీ ర్యామ్ అడుగుతుంది. బ్రౌజర్‌లోనే ఇలాంటి పనులు చేయించే గెలాక్సీ అనే ఉచిత వేదిక ఉంది, మొదట్లో వాడుకోండి. తర్వాత మీ విభాగంలో సర్వర్ ఉందేమో కనుక్కోండి. చాలాచోట్ల ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ. ఖాతా అడిగేటప్పుడు ఏ టూలు, ఎంత ర్యామ్, ఎంత డిస్కు, ఎన్నాళ్లు అన్న నాలుగూ రాసి ఇస్తే పని త్వరగా అవుతుంది.

సర్వర్‌లోకి ఎస్-ఎస్-హెచ్‌తో వెళతారు. మే నెలలో, బెజవాడలో, మధ్యాహ్నం కరెంటు పోతుంది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది గానీ వైఫై రౌటర్‌కు లేదు. కనెక్షన్ తెగితే దాంతోపాటు ఆరు గంటలుగా నడుస్తున్న పనీ చస్తుంది. అందుకే లోపలికి వెళ్లగానే "టీమక్స్" అని కొట్టి, దాని లోపల పని మొదలుపెట్టండి. కంట్రోల్-బి నొక్కి వదిలి, డి నొక్కితే మీరు బయటికొస్తారు, పని మాత్రం అక్కడ నడుస్తూనే ఉంటుంది. కరెంటు వచ్చాక మళ్లీ వెళ్లి "టీమక్స్ అటాచ్" అంటే వదిలిన చోటే ఉంటుంది. ఎండల్లో సొంత లాప్‌టాప్ మీద రాత్రుళ్లు నడిపేవాళ్లు దాన్ని మంచం మీద, దుప్పటి మీద పెట్టకండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, రెండు గంటల పని నాలుగు గంటలవుతుంది.

పెద్ద సర్వర్లలో మీరు మొదట దిగేది లాగిన్ నోడ్, అందరూ వచ్చిపోయే వాకిలి. అక్కడ బరువు పనులు పెడితే అందరి పనీ కుంటుతుంది, అడ్మిన్ నుంచి మెయిలూ వస్తుంది. పనులను వంతులవారీగా నడిపించే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నచోట "ఎస్‌బ్యాచ్"తో స్క్రిప్టును వరసలో పెట్టాలి. మీ వంతు వచ్చినప్పుడు అదే నడుస్తుంది.

ఫలితాలు ఇంటికి తెచ్చుకోవడానికి ఎస్-సి-పి వాడండి. పెద్ద ఫైళ్లకు ఆర్-సింక్ మేలు, దానికి "--పార్షియల్" జోడిస్తే మధ్యలో తెగినా, మళ్లీ అదే కమాండు కొట్టినప్పుడు ఆగినచోటి నుంచి అందుకుంటుంది. తెచ్చాక రెండు చోట్లా "ఎండీ5సమ్" నడిపి ఆ పొడుగాటి అంకెలు పోల్చుకోండి. కలిస్తే ఫైలు చెక్కుచెదరకుండా వచ్చింది. కలవకపోతే సర్వర్ మీది కాపీని ఇంకా తీసేయకండి.